తోడేలు పాపం ఎవరి ఖాతాలో?

"ఇప్పుడేం రాస్తున్నావు?" అని అడిగారు, ఒక సదస్సులో టీ విరామంలో. అడిగినావిడ నేను గౌరవించే విమర్శకురాలు. "ఒక వీడియో గేములో ప్రతినాయకుడి గురించి, మేడం" అన్నాను. ఆవిడ నవ్వారు. ఆ నవ్వులో వెటకారం కంటే జాలే ఎక్కువ ఉంది. "సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి. పిల్లలాడుకునే బొమ్మల మీద నీకెందుకమ్మా ఇంత శ్రమ?" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ రోజు అలా నవ్వేసినందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, సూదీ దారంతో కుట్టి, ట్రంకుపెట్టెలో దాచుకునేది. యద్దనపూడి సులోచనారాణి నవల చదివి ఆమె కళ్ళు తుడుచుకుంటే మా నాన్న అచ్చం ఇలాగే నవ్వేవాడు. ఆడవాళ్ళు దేన్ని ఇష్టంగా చదివితే అది చెత్త, దాన్ని ఇష్టపడ్డందుకు వాళ్ళు తెలివితక్కువవాళ్ళు. ఈ తీర్పు మీద మనం ఎంత పోరాడాం! ఆ నవలల్లో ఆడవాళ్ళు ఏం వెతుక్కున్నారో, వాళ్ళకి ఏం దొరికిందో, ఏం దొరకలేదో ఎన్ని వ్యాసాలు రాశాం! అదే పని మా తరం ఆడవాళ్ళు ప్రేమించిన కథలకి కూడా చెయ్యాలంటే మాత్రం మనకెందుకో నవ్వొస్తుంది. కాబట్టి నేను క్షమాపణ ఏమీ చెప్పుకోకుండానే విషయానికి వస్తాను.

2014 నవంబరులో కెనడాకి చెందిన బయోవేర్ అనే సంస్థ 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్' అనే గేము విడుదల చేసింది. 2009, 2011లలో వచ్చిన రెండు గేముల తర్వాత అది మూడోది. గేము అనగానే తుపాకులు, పరుగులు గుర్తొచ్చేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇందులో యుద్ధాలు ఉంటాయి. కానీ ఇది ప్రధానంగా ఒక మహా నవల లాంటిది. వంద గంటలు పట్టొచ్చు. నాయిక ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవర్ని నమ్మాలో, ఎవర్ని వదిలెయ్యాలో ఆడేవాళ్ళే ఎంచుకోవాలి. నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు సెలవులకి ఇంటికెళ్ళి, మా తమ్ముడి కంప్యూటర్ మీద రాత్రుళ్ళు ఆడాను. పగలు పౌరాణిక నాటకాల్లో ప్రతినాయకుల మీద సిద్ధాంత గ్రంథం, రాత్రి ఇది. రెండూ ఒకటే పని అని అర్థం కావడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు.

ఆ కథాలోకంలో ఎల్ఫ్ జాతివాళ్ళు ఓడిపోయినవాళ్ళు. ఒకప్పటి వాళ్ళ రాజ్యం పోయింది. టెవింటర్ సామ్రాజ్యంలో బానిసలయ్యారు. తర్వాత దొరికిన కాస్త నేలని మతయుద్ధం పేరుతో లాక్కున్నారు. ఇప్పుడు కొందరు నగరాల్లో గోడకట్టిన వాడల్లో బతుకుతారు, కొందరు అడవుల్లో తిరుగుతూ పోయిన భాషలో మిగిలిన నాలుగు మాటలు ఏరుకుంటుంటారు. నాయికని ఆ అడవి ఎల్ఫ్ పిల్లగా ఎంచుకోవచ్చు. ఇంటి పేరు లవెల్లన్. అణగారిన జాతి ఆడపిల్ల ఒక సైన్యానికి అధిపతి అవుతుంది. ఆకాశంలో పడ్డ చిల్లుని మూస్తుంది.

ఆమె పక్కన సోలాస్ ఉంటాడు. బోడిగుండు, అతుకుల బట్టలు, మెత్తటి గొంతు. ఆమె చేసిన ఘనకార్యాలని కోట గోడల మీద బొమ్మలుగా వేస్తుంటాడు. తర్వాత తెలుస్తుంది, ఎల్ఫ్‌లు తరతరాలుగా మోసగాడని, ద్రోహి అని తిట్టుకునే ఫెన్‌హారెల్, ఆ భయంకరమైన తోడేలు దేవుడు, ఇతనే అని. అతని ప్రేమకథ ఎల్ఫ్ ఆడపిల్లకి మాత్రమే తెరుచుకుంటుంది. అందులో ఒక సన్నివేశం ఉంది. లవెల్లన్ మొహం మీద, ఆమె జాతి దేవుళ్ళ గుర్తుగా పొడిపించుకున్న పచ్చబొట్లు ఉంటాయి. అవి గౌరవ చిహ్నాలు కావని, ఒకప్పుడు ఎల్ఫ్ ప్రభువులు తమ బానిసలకి వేసిన ముద్రలని అతను చెబుతాడు. కావాలంటే తీసేస్తానంటాడు. తీయించుకోవచ్చు, వద్దనవచ్చు. ఏదెంచుకున్నా ఆ రాత్రే ఆమెని వదిలేసి వెళ్ళిపోతాడు.

నేను వద్దన్నాను. మా అమ్మమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో పట్టుకుంటే, ఎవరో పొడిచారట. "ఎవరు పొడిపించారో కూడా గుర్తులేదే, ఇప్పుడిది నా చెయ్యే" అనేది. జ్ఞానం ఉన్న మగవాడు వచ్చి నీ ఒంటి మీద గుర్తుకి అసలర్థం ఇదీ అని చెబితే, అది నిజమే అయినా, ఆ గుర్తుని ఉంచుకునే హక్కు నాదే. ఒక గేము నన్ను ఈ ప్రశ్న అడిగింది, నా జవాబుని మన్నించింది. దాన్ని బొమ్మలాట అనే ముందు, ఇంత సూటిగా ఈ ప్రశ్న అడిగిన నవలలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమని మనవి.

2015లో దానికి అనుబంధంగా వచ్చిన 'ట్రెస్‌పాసర్'లో అసలు వాదం మొదలవుతుంది. సోలాస్ ఒకప్పుడు బానిసల ముద్రలు చెరిపి వాళ్ళని విడిపించినవాడు. దేవుళ్ళమని చెప్పుకున్న ప్రభువులని బంధించడానికి లోకానికీ స్వప్నలోకానికీ మధ్య ఒక తెర కట్టాడు. ఆ తెరే ఎల్ఫ్‌ల శక్తినీ అమరత్వాన్నీ తుడిచిపెట్టింది. ఇప్పుడు ఆ తెర చించి పాత లోకాన్ని తిరిగి తెస్తానంటాడు. దానివల్ల ఇప్పుడున్న లోకం చచ్చిపోయినా సరే. అప్పటికే ఎల్ఫ్ పనివాళ్ళు గుట్టుగా అతని వేగులుగా మారారు. ఎంతోమంది ఇళ్ళూ వాడలూ వదిలి అతని దగ్గరికి వెళ్ళిపోతున్నారు. లవెల్లన్ ఎడమ చెయ్యి పోగొట్టుకుంటుంది. ఆ ఒంటి చేతి మనిషి చివర్లో ఒక ప్రతిజ్ఞ చెయ్యాలి: అతన్ని ఆపడమా, మార్చడమా?

అతన్ని ప్రేమించిన ఆడవాళ్ళని చూసి, చెడ్డమగాడి మీద మోజు అన్నారు. అదే పాత నవ్వు. నా అనుభవం వేరు. నాయికకి వాదించే అవకాశం ఇచ్చిన ప్రతినాయకుడు అతను. చచ్చిపోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళని బలిపెట్టొచ్చా? విముక్తి తెచ్చేవాడు ఎవర్ని లెక్కలో వేసుకుంటాడు, ఎవర్ని లెక్కలోంచి తీసేస్తాడు? నువ్వు పొరపాటున పుట్టిందంటున్న ఈ లోకంలోనే నేనూ ఉన్నాను, నా సంగతేంటి? ఇవి మనకి కొత్త ప్రశ్నలా? ఉద్యమాల చుట్టూ పుట్టి పెరిగిన మనం అడిగినవీ, అడగలేక మింగినవీ ఇవే కదా. ఈ వాదం చివరికి ఎటు తేలుతుందో చూడాలని తొమ్మిదేళ్ళు ఎదురుచూశాం.

2022లో రాబోయే గేము పేరు 'డ్రెడ్‌వుల్ఫ్' అని ప్రకటించారు. అంటే ఆ భయంకరమైన తోడేలే. 2024 జూన్‌లో ఆ పేరు తీసేసి 'ది వెయిల్‌గార్డ్' అన్నారు. 2024 అక్టోబరు 31న విడుదలైంది. అట్టమీద జరిగిందే లోపలా జరిగింది. కథ మొదట్లోనే సోలాస్ చేస్తున్న క్రతువు చెడిపోయి, అతను స్వప్నలోకపు చెరలో ఇరుక్కుంటాడు. అతను బంధించిన ఇద్దరు పాత దేవుళ్ళు బయటపడి అసలు శత్రువులవుతారు. వాళ్ళకి వాదం ఏమీ లేదు. లోకాన్ని ఏలాలి, అంతే. వాళ్ళ పక్కన నిలబెట్టేసరికి సోలాస్ ఎంతో కొంత మంచివాడైపోతాడు. పాత గేముల్లో మనం తీసుకున్న అన్ని నిర్ణయాల్లోంచి కొత్త గేము అడిగింది మూడే: ఎవర్ని ప్రేమించావు, నీ సైన్యాన్ని రద్దు చేశావా, సోలాస్ విషయంలో ఏం ప్రతిజ్ఞ చేశావు.

నా ఆరోపణలు కూడా మూడే.

మొదటిది, అతను ఎవరికోసం పోరాడాడో వాళ్ళని కథలోంచి తప్పించారు. ఇళ్ళు వదిలి అతని వెంట నడిచిన ఎల్ఫ్‌లు ఏమయ్యారు? వెయిల్‌గార్డ్‌లో సోలాస్ ఒంటరివాడు. వెనక జనం లేరు. కథలో కొంత భాగం నడిచేది టెవింటర్ రాజధానిలో, ఆ సామ్రాజ్యం నిలబడిందే బానిసత్వం మీద. అయినా అక్కడ బానిసత్వం గురించి వినపడుతుందే గానీ కళ్ళకి దాదాపు కనపడదు. అణచివేతని తెరమీంచి తీసేస్తే తిరుగుబాటుకి కారణం ఏం మిగులుతుంది? వ్యక్తిగత దుఃఖం. విప్లవకారుణ్ణి విషాదప్రేమికుడిగా మార్చే ఈ పని మనకి సినిమాల్లో బాగా పరిచయమే. జనం పోతారు, నాయకుడి కన్నీళ్ళు మిగులుతాయి.

రెండోది, ఆ దుఃఖానికి ఒక ఆడదాన్ని కారణంగా చూపించారు. మిథాల్ పాత దేవతల్లో ఒకతె. కొత్త గేములో సోలాస్ జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. అతను శరీరం లేని జ్ఞానస్వరూపంగా ఉన్నప్పుడు, దేహం ధరించి రమ్మని అడిగింది మిథాల్. భూమిలోని మహాకాయుల స్వప్నాలని కోసెయ్యడానికి అతను కత్తి తయారుచేసింది మిథాల్ యుద్ధం కోసం. ఆ కోసిన స్వప్నాలే తర్వాత లోకాన్ని పీడించే మహావ్యాధి అయ్యాయి. మిగతా ప్రభువులు మిథాల్‌ని చంపినందుకే అతను తెర కట్టాడు. చివర్లో అతన్ని మార్చే ముగింపు ఎంచుకుంటే, మిథాల్ వచ్చి తన తప్పు ఒప్పుకుని, నా సేవనుంచి నిన్ను విడుదల చేస్తున్నాను అంటుంది. అంతే, అతను లొంగిపోతాడు.

ఇది చూడగానే నాకు జయవిజయులు గుర్తొచ్చారు. రావణుడు ఇంత పెద్ద శత్రువు ఎలా అయ్యాడు? భాగవతం ఇచ్చే జవాబు మనకి తెలుసు. వైకుంఠంలో ద్వారపాలకులు, మునుల శాపం, మూడు జన్మల వైరం. అంటే రావణుడి శత్రుత్వం రావణుడిది కాదు, అదీ స్వామిసేవలో భాగమే! శత్రువుని క్షమించడానికి ఇంతకంటే సుఖమైన దారి లేదు. అతని చేతలు అతనివి కాకుండా చేసేస్తే చాలు. కానీ ఆ క్షమలో అతని ప్రశ్నలు కూడా కొట్టుకుపోతాయి. సేవకుడికి అభిప్రాయం ఏముంటుంది? సోలాస్‌కి జరిగింది అదే. లోకాన్ని కూల్చాలా వద్దా అని వాదించినవాణ్ణి, యజమానురాలి అనుమతి కోసం ఎదురుచూస్తున్న బంటుని చేశారు. బానిసల ముద్రలు చెరిపినవాడికే సేవనుంచి విడుదల కావాల్సొచ్చింది!

ఇక్కడ నా స్నేహితురాలు ఒకామె అడ్డుపడింది. "మిథాల్ శక్తిమంతురాలు, తప్పులు చేసే ఆడది. అలాంటి పాత్ర కావాలని మనమే కదా అడుగుతాం?" అంది. నిజమే, అడుగుతాం. తప్పు చేసే ఆడది తన కథలో తను తప్పు చెయ్యాలి. మిథాల్‌కి ఏం కావాలో, ఎందుకు యుద్ధం చేసిందో, ఎందుకు పశ్చాత్తాపపడిందో మనం చూసేదంతా సోలాస్ జ్ఞాపకాల్లోంచీ అతని అవసరంకొద్దీనే. పైగా 2014 గేములో ఒక బావి ఉంది. దాని నీళ్ళు తాగినవాళ్ళు మిథాల్ ఇచ్ఛకి కట్టుబడిపోతారు. తాగేది నాయికా, మోరిగన్ అనే మంత్రగత్తా అని మనచేత ఎంచుకోనిచ్చారు. మిథాల్‌కి కట్టుబడిన ఆడదాని మీద కథ చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? కొత్త గేము ఆ బావి సంగతే అడగదు. మిథాల్‌కి కట్టుబడిన మగవాడి బాధ మాత్రం కథకి కేంద్రమైంది.

మూడోది లవెల్లన్. నాకు కడుపు మండేది ఇక్కడే. సైన్యాన్ని నడిపింది, చెయ్యి పోగొట్టుకుంది, అతన్ని ఆపుతాననో మారుస్తాననో మాటిచ్చింది. ఆమెకి కొత్త గేములో కొన్ని సన్నివేశాలు, కొన్ని ఉత్తరాలు. మూడు గేముల్లో మనం తిరిగిన దక్షిణదేశం మహావ్యాధి పాలవుతోందని ఆ ఉత్తరాల్లోనే తెలుస్తుంది. ఆ యుద్ధం ఆమె చేస్తోంది, మనకి చూపించరు. చివర్లో వచ్చి మాట్లాడుతుంది. ఆమె మాట సరిపోదు. అతన్ని కదిలించేది మిథాల్ మాట. ఆ తర్వాత, అతన్ని ప్రేమించిన నాయిక అయితే, అతనితోపాటు ఆ చెరలోకి తనూ నడిచిపోతుంది. ఇది సుఖాంతం.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వేసిన ఆ పుస్తకంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలున్నాయి. పోరాటం ముగిశాక ఇళ్ళకి పొమ్మంటే వాళ్ళకెలా అనిపించిందో అందులో చెప్పుకున్నారు. వాళ్ళ బతుకులకీ ఒక కల్పిత కథకీ పోలిక కుదరదని నాకు తెలుసు. కానీ కథలు రాసేవాళ్ళకి ఆడదాని పోరాటాన్ని ఎలా ముగించాలో తెలియనప్పుడు చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళేది ఆ ఒక్క తలుపు గొళ్ళేనికే. పద, ఇంటికి పద. లేకపోతే అతని వెనక పద.

ఇది రాయడానికి ఏడాదికి పైగా ఎందుకు జంకానో కూడా చెప్పాలి. ఈ గేము వచ్చీ రాగానే కొందరు మగవాళ్ళు దానిమీద విరుచుకుపడ్డారు. అందులో ట్రాన్స్ పాత్రలకి చోటుందని, ఆడపాత్రలు తాము కోరుకునే ఆకారాల్లో లేరని. అంత విషం చిమ్ముతున్నప్పుడు, ఇది నాకూ నచ్చలేదు అనడానికి నోరు రాలేదు. నా మాట వాళ్ళ సంచిలో పడుతుందేమోనని భయం. చాలామంది ఆడవాళ్ళు ఇలాగే ఊరుకున్నారు. మనలో మనం గొణుక్కున్నాం.

ఆలోచిస్తే ఆ భయం మనకి పాతదే. ఇంట్లో మాట వీధిలో పెట్టకు, ఉద్యమంలో మగవాళ్ళ తప్పు ఎత్తిచూపితే శత్రువుకి బలం ఇచ్చినట్టే, ముందు పెద్ద పోరాటం కానియ్యి, తర్వాత నీ సంగతి చూద్దాం. ఈ మాటలన్నీ విన్నవాళ్ళం మనం. విని, ఊరుకోకుండా మాట్లాడినవాళ్ళం. ట్రాన్స్ పాత్రలకి చోటిచ్చినందుకు ఆ గేముని మెచ్చుకుంటాను. ఆ చోటు కోసం ఎవరితోనైనా పోట్లాడతాను. దానికి బదులుగా బానిసలని మాయం చేసినందుకూ, లవెల్లన్‌ని చెరలోకి పంపినందుకూ నేను నోరు మూసుకోవాలంటే మాత్రం కుదరదు. ఒక న్యాయం ఇంకో అన్యాయానికి రశీదు కాదు.

తప్పంతా రచయితలదే అని కూడా నేను అనను. ఆ గేము మొదటి రూపాన్ని 2017లో ఆపేశారు. దాన్ని పదిమంది కలిసి ఆడుతూ డబ్బు ఖర్చుపెట్టే ఆటగా మార్చాలనుకున్నారు. మళ్ళీ 2021లో మనసు మార్చుకుని ఒక్కరు ఆడుకునే కథగా తిప్పారు. 2023 ఆగస్టులో సుమారు 50 మంది ఉద్యోగులని తీసేశారు, వాళ్ళలో ఏళ్ళ తరబడి ఈ లోకాన్ని సృష్టించిన రచయితలున్నారు. 2025 జనవరిలో యాజమాన్య సంస్థ ఈఏ, దాదాపు 15 లక్షల మందే ఆడారని, అనుకున్నదానికి అది సుమారు సగమేనని చెప్పింది. ఇన్నిసార్లు కూల్చి కట్టిన ఇంట్లో గోడలు వంకరపోవడం సహజం. కానీ కూలిన ప్రతిసారీ ఏది ముందు పోయిందో చూడండి. జనం పోయారు, ఆడదాని నిర్ణయం పోయింది. మగవాడి పశ్చాత్తాపం మాత్రం ఏ కూల్చివేతలోనూ పోలేదు. దాన్ని భద్రంగా ఎత్తి పక్కన పెట్టుకున్నారు.

సోలాస్‌ని చంపమని నేను అడగలేదు. క్షమించమనీ అడగలేదు. అతను జవాబు చెప్పాలని అడిగాను. ఎవరి పేరు మీద ఇదంతా చేశాడో ఆ ఎల్ఫ్‌లకి, ఎవరి మొహం మీది ముద్రకి అర్థం చెప్పాడో ఆ మనిషికి. తన తప్పు తనదేనని, మిథాల్ ప్రస్తావన లేకుండా, ఒక్క వాక్యం. అది విన్నాక క్షమించాలా వద్దా అనేది లవెల్లన్ చూసుకునేది.

మొన్న ఫోన్లో మా అమ్మకి ఈ కథంతా చెప్పాను. గేము అంటే ఆమెకి తెలీదు. సీరియల్ అనుకునే వింది. మధ్యలో ఆపి ఆపి అడిగింది, ఎవరు ఎవరికి ఏమవుతారని. అంతా అయ్యాక, "ఆ చెయ్యి పోయిన పిల్ల చివర్న ఏమందే?" అంది.

"పెద్దగా ఏమీ అనలేదమ్మా. అతనితో వెళ్ళిపోయింది."

కాసేపు మాట్లాడలేదు. "దానికోసమా ఇన్నేళ్ళు కాచుకున్నావు?" అంది.